హ్యాకర్ వచ్చేలోపే డీజిల్ అయిపోద్ది

2025 అక్టోబర్ 14న గూగుల్ వాళ్ళు మా వైజాగ్‌లో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ డేటా సెంటర్ కడతామని చెప్పిన దగ్గర్నుంచి ఊళ్ళో ప్రతోడూ సముద్రపు కేబుళ్ళ మీద ఎక్స్‌పర్ట్ అయిపోయాడు. ముందు ఆ డేటా సెంటర్ రాబోయే తర్లువాడ వైపు గజం రేటు ఎంతకెళ్ళిందో మాట్లాడుకుంటారు, అదయ్యాక రెండో టీ దగ్గర కచ్చితంగా ఈ మాట వస్తుంది, "మరి చైనావోడు హ్యాక్ చేసేస్తే ఏటి? పాకిస్తానోడు సబ్‌మెరైన్ ఏసుకొచ్చి కేబుల్ కోసేస్తే?" 1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగింది మా ఊరి ముందే, బీచ్ రోడ్డులో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూస్తూ పెరిగినోళ్ళం, శత్రువు అంటే నీళ్ళ కిందనుంచే వస్తాడని మాకో నమ్మకం. సరే.

నేను ఇన్వర్టర్లు, బ్యాటరీలు అమ్ముకునేవాణ్ణి. అంతకుముందు కొన్నాళ్ళు సెల్ టవర్లకి బ్యాటరీ బ్యాంకులు మార్చే ఒక సబ్ కాంట్రాక్టర్ దగ్గర పనిచేశా. కరెంటు పోయాక ఏది ఎంతసేపు బతుకుతుంది, నాకొచ్చిన చదువు అదొక్కటే. ఆ చదువుతో నేను చెప్పేది ఏంటంటే, మనం భయపడాల్సింది ముందు హ్యాకర్‌కి కాదు. మన దగ్గర ప్రతిదానికీ రెండో దారి ఉందని అనుకుంటున్నాం, వైరు పట్టుకుని వెనక్కి వెళ్ళి చూస్తే ఆ రెండు దారులూ ఒకే మేకుకి వేలాడుతుంటాయి. నిజంగా వేరేగా ఉన్న పాత దారులు, అంటే నోట్లు, ల్యాండ్‌లైను, చేత్తో తిప్పే స్విచ్చి, కాగితం మీద రాసే చీటీ, వాటినేమో స్లో అని, దండగ ఖర్చని మనమే పీకేసుకున్నాం.

హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పకుండా వైజాగ్‌లో ఈ టాపిక్ నడవదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకి 180 కిలోమీటర్ల పైచిలుకు గాలి. ఎయిర్‌పోర్ట్ కప్పు ఊడి టెర్మినల్‌లో పడింది, స్టీల్ ప్లాంట్ ఆగిపోయింది, తుఫాను మీద కన్నేసి ఉంచాల్సిన రాడారే దాని దెబ్బకి మూగబోయింది. ఇవన్నీ అందరికీ గుర్తే, ఫొటోలున్నాయి. కానీ గాలి చేసిన నష్టం ఆ ఒక్కరోజుదే, మిగతా రోజులు మమ్మల్ని ఏడిపించింది గాలి కాదు. స్తంభాలు పడ్డాయి కాబట్టి కరెంటు లేదు, కరెంటు లేదు కాబట్టి టవర్లు బ్యాటరీ మీదకెళ్ళాయి, బ్యాటరీలు దిగిపోయాయి కాబట్టి డీజిల్ కావాలి, డీజిల్ తెచ్చే కుర్రోడి బండి ముందుకెళ్ళాలంటే రోడ్డుమీద చెట్టు తియ్యాలి, చెట్టు కోసే టీముకి ఏ రోడ్డుకి ముందెళ్ళాలో చెప్పాలంటే ఫోను పనిచెయ్యాలి. ఫోను ఎందుకు పనిచెయ్యట్లేదంటే టవర్‌కి డీజిల్ లేదు. ఇదీ లెక్క. పెట్రోల్ బంకులో భూమిలో ట్యాంకు నిండా పెట్రోలు ఉంటుంది, దాన్ని పైకి లాగే మోటరుకి కరెంటు ఉండదు. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ల నీళ్ళు ఎక్కడికీ పోలేదు, వాటిని తోసే పంపులకి కరెంటు లేదు. నీళ్ళ టిన్నులకీ పాల ప్యాకెట్లకీ ఎంత అడిగితే అంత ఇచ్చాం. ముఖ్యమంత్రి చంద్రబాబు బస్సులో కూర్చుని ఇక్కడే మకాం పెట్టి పనులు నడిపించాల్సొచ్చింది, ఎందుకంటే హైదరాబాదులో కూర్చుంటే ఇక్కడ ఏం జరుగుతుందో చెప్పే ఫోనే లేదు.

ఆ వారం మేం ఎలా బతికామో ఇప్పటి కుర్రాళ్ళకి చెప్తే పెద్దగా పట్టించుకోరు గానీ, బతకడానికి కారణం మా గొప్పతనం ఏం కాదు. ఊరు అప్పటికింకా పూర్తిగా ఫోనులోకి ఎక్కలేదు, అంతే. యూపీఐ అన్నదే 2016లో వచ్చింది. ప్రతి ఇంట్లో పోపులడబ్బాలోనో బీరువాలోనో నాలుగు నోట్లుండేవి, అక్కయ్యపాలెంలో కిరాణా కొట్టోడు అప్పు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుని బియ్యం ఇచ్చేవాడు, కొన్ని వీధుల్లో ల్యాండ్‌లైన్లు ఇంకా ఉన్నాయి. ఇప్పుడో, 2025 మే నెల ఒక్కదాంట్లోనే దేశం మొత్తం 1,800 కోట్లకు పైగా యూపీఐ లావాదేవీలు. పూర్ణా మార్కెట్లో కొత్తిమీర కట్టకి స్కానర్. అయిదొందల నోటు ఇస్తే "చిల్లర లేదు అమ్మా, ఫోన్‌పే కొట్టండి" అని వాళ్ళే అంటున్నారు. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్. ఫోనే టార్చి, ఫోనే బ్యాంకు, ఫోనే అడ్రసు, ఆస్పత్రి రిపోర్టు ఫోనులోనే. అదే గాలి, అదే 180 కిలోమీటర్లు, రేపు మళ్ళీ వస్తే స్తంభాలు 2014 కంటే తక్కువే పడొచ్చు, కానీ ఊరు ఇంకా ఎక్కువగా ఆగిపోద్దని నా అనుమానం. యూపీఐ మానేద్దామని నేననట్లేదు, నా కొట్లో కూడా స్కానర్ ఉంది, ఆ సౌండ్ బాక్స్ అరుపు వినకపోతే నాకే తోచదు. ఆఫ్‌లైన్‌లో పనిచేసే యూపీఐ లైట్ ఎక్స్ అని 2023లో తెచ్చారు, ఫోను ఫోను ఆనిస్తే డబ్బులెళ్తాయి, కానీ మీ వీధిలో ఎంతమంది వాడారో అడిగి చూడండి.

ఇప్పుడు నాకు తెలిసిన సబ్జెక్ట్‌కి వస్తా.

సెల్ టవర్ కింద క్యాబినెట్ తెరిస్తే పాత పద్ధతిలో అయితే 2 వోల్టుల సెల్స్ 24 వరసగా ఉంటాయి, మొత్తం 48 వోల్టులు. కొత్త సైట్లలో లిథియం పెడుతున్నారు. కరెంటు పోగానే లోడ్ అంతా వీటిమీద పడుద్ది, ఛార్జి ఒక లెవెల్‌కి దిగగానే డీజీ సెట్, అంటే డీజిల్ జనరేటర్, దానంతటదే స్టార్టవ్వాలి. ఇది కాగితం మీద సంగతి. సైట్‌కి వెళ్తే వేరే. ఈ లెడ్ బ్యాటరీల లైఫ్ లెక్కేసేది 25 డిగ్రీల దగ్గర, అక్కణ్ణుంచి ఒక 10 డిగ్రీలు పెరిగితే లైఫ్ సుమారు సగానికి పడిపోద్ది, మరి మే నెలలో రేకు క్యాబినెట్ లోపల ఎంతుంటుందో మీరే ఊహించుకోండి. దానికి తోడు మా సముద్రపు గాలి, టెర్మినల్స్ పచ్చగా తుప్పు పట్టేస్తాయి. 2జీ రోజుల్లో వేసిన బ్యాటరీ బ్యాంకు మీదే 3జీ, దానిమీద 4జీ, ఇప్పుడు 5జీ, లోడ్ పెరిగేకొద్దీ గంటలు తగ్గుతాయి, ఇందులో రాకెట్ సైన్స్ ఏం లేదు, ఇంట్లో ఇన్వర్టర్‌కి ఫ్రిజ్ కలిపినట్టే. సిటీలో మేడల మీద పెట్టిన చాలా సైట్లకి అసలు డీజీయే ఉండదు, నాన్ డీజీ సైట్ అంటారు, శబ్దమని ఇంటి ఓనర్లు ఒప్పుకోరు, కరెంటు బాగానే ఉంటుంది కదా అని కంపెనీలూ ఊరుకుంటాయి. డీజీ ఉన్న చోట డీజిల్ దొంగతనాలు. నేను చేసిన చోట నెలవారీ చెకింగ్ రిపోర్టులో 24 సెల్స్‌కీ ఒకే వోల్టేజి రాసి పంపేసేవాళ్ళు, ఒక్కోసారి సైట్ గేటు తాళం కూడా తియ్యకుండానే. ఏ రెండు సెల్సూ అచ్చంగా ఒకేలా ఉండవు బాబూ, చూసిన వెంటనే తెలిసిపోద్ది అది దొంగ రిపోర్టని, కానీ చూసేవాడికీ అది కావాలి, ఫైలు క్లోజ్ అవ్వాలి.

అన్నిటికంటే జనం మోసపోయేది డ్యూయల్ సిమ్ దగ్గర. "నాకు రెండు కంపెనీల సిమ్‌లున్నాయండి, ఒకటి పోతే ఇంకోటి" అంటారు ధీమాగా. టవర్ కట్టేది ఒక కంపెనీ, దానిమీద అద్దెకుండేది ఇద్దరు ముగ్గురు ఆపరేటర్లు. మీ రెండు సిమ్‌ల యాంటెనాలూ చాలాసార్లు ఒకే ఇనుప చట్రం మీద, ఒకే కరెంటు మీటరు మీద, ఒకే డీజిల్ ట్యాంకు మీద ఉంటాయి. కిందనుంచి వెళ్ళే ఫైబర్లు కూడా రంగులు వేరైనా ఒకే కాలవ గట్టున పక్కపక్కనే. మరి జేసీబీకి కంపెనీ తేడా తెలీదు కదా.

జేసీబీ అంటే గుర్తొచ్చింది. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బుతో వైజాగ్‌లో కొంత మేర కరెంటు వైర్లని భూమిలోకి దించారు. మంచి పని, గాలికి పడే స్తంభమే లేకపోతే సగం గొడవ లేదు, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కాకపోతే భూమిలో దాచింది గాలి నుంచి తప్పించుకుంటుంది గానీ మనుషుల నుంచి తప్పించుకోదు. ఒకడు డ్రైనేజీకి తవ్వుతాడు, ఒకడు గ్యాస్ పైపుకి, ఒకడు ఫైబర్‌కి, మళ్ళీ రోడ్డేసిన నెలకి ఇంకోడు. దేశం మొత్తంలో ఏడాదికి దగ్గర దగ్గర 10 లక్షల ఫైబర్ కట్‌లు ఇలా తవ్వకాల వల్లే అవుతున్నాయని, 3,000 కోట్లు నష్టమని కేంద్రమే చెప్పి, 2023 మార్చిలో తవ్వే ముందు చెప్పమని ఒక యాప్ కూడా పెట్టింది. పైన వేలాడే వైరు తెగితే వీధిలో పిల్లాడు కూడా చూపిస్తాడు ఎక్కడ తెగిందో. భూమిలో తెగితే ముందు టెస్టింగ్ వ్యాన్ రావాలి, ఎన్ని మీటర్ల దూరంలో పోయిందో లెక్క తియ్యాలి, తవ్వాలి, జాయింట్ వెయ్యాలి, జాయింట్ వేసే పనితనం ఉన్నోడు దొరకాలి. మా వీధిలో ఒకసారి ఇలాగే పోతే లైన్‌మ్యాన్‌ని అడిగా, ఎప్పటికి వస్తుందన్నా అని. "ఎక్కడ పోయిందో తెలాల గదా బాబూ, పైనున్నప్పుడు కర్రెట్టుకుని సూసీవోళ్ళం, ఇప్పుడు మిషనొస్తే గానీ నానేటి సెప్పగలను" అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో కంప్లయింట్ లేదు, ఉన్నమాట.

ఇంతకీ రెండు దారులు నిజంగా వేరుగా ఉంటే ఏమవుద్దో చూపించే ఉదాహరణ మా ఊళ్ళోనే ఉంది, గాజువాకలో. ఎంతమంది వైజాగ్ వాళ్ళకి తెలుసో మరి. 1999లో 500 మెగావాట్లతో ఒక హెచ్‌వీడీసీ, అంటే హై వోల్టేజి డీసీ స్టేషన్ పెట్టారు, 2005లో ఇంకో 500 కలిపారు. అటు ఒడిశా వైపు నుంచి తూర్పు గ్రిడ్ కరెంటు వస్తుంది, దాన్ని ఏసీ నుంచి డీసీకి మార్చి, అదే ఆవరణలో మళ్ళీ ఏసీ చేసి దక్షిణాది గ్రిడ్‌లోకి వదులుతారు. ఏసీని ఏసీ చెయ్యడానికి మధ్యలో డీసీ ఎందుకంటే, రెండు గ్రిడ్లూ ఒకే లయలో నడవాల్సిన పని ఉండదు, అటు ఫ్రీక్వెన్సీ ఊగినా ఇటు ఊగదు. కరెంటు దాటుతుంది, జబ్బు దాటదు. 2012 జులై 30, 31 తారీఖుల్లో ఉత్తరాది, తూర్పు, ఈశాన్యం వరసగా చీకటైపోయి 60 కోట్ల పైన జనం ఇబ్బంది పడ్డారు చూడండి, రైళ్ళు ఆగిపోయి, గనుల్లో కార్మికులు లోపలే ఉండిపోయి, ఆ రోజు మన దక్షిణాదిలో ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఎందుకంటే అప్పటికి మనం వాళ్ళతో ఏసీలో కలవలేదు, గాజువాక లాంటి డీసీ లింకులే మధ్యలో ఉన్నాయి.

తర్వాత 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మనమూ కలిసిపోయాం, ఒకే దేశం ఒకే గ్రిడ్. అది తప్పని నేను చెప్తే నా కొట్టు ముందు బోర్డు పీకెయ్యాలి, ఎందుకంటే కలవకముందు మనకి కరెంటు కొనుక్కుందామన్నా తెచ్చుకునే దారి సరిపోయేది కాదు, ఆ కోతల పుణ్యమే నా వ్యాపారం. కలిశాక రోజువారీ సప్లై బాగుపడింది, ఎక్కడో పవర్ ప్లాంట్‌లో ఒక యూనిట్ ట్రిప్ అయితే ఇంకెక్కడినుంచో అందుకుంటుంది. కలవడం వల్ల చిన్న చిన్న దెబ్బలు తగ్గుతాయి, కానీ ఎప్పుడో వచ్చే పెద్ద దెబ్బ ఇంకా పెద్దదవుతుంది. ఈ రెండూ ఒకే ఒప్పందంలో ఉన్న షరతులు, మనకి మొదటిది మాత్రమే చదివి వినిపిస్తారు. స్పెయిన్, పోర్చుగల్‌లో 2025 ఏప్రిల్ 28న పట్టపగలు పన్నెండున్నరకి సెకన్లలో రెండు దేశాలూ పోయాయి. యుద్ధం లేదు, తుఫాను లేదు, వోల్టేజి అదుపు తప్పి ఒకదాని వెనక ఒకటి ప్లాంట్లు తప్పుకున్నాయి. ముందు అందరూ సైబర్ దాడి అన్నారు, కాదని తేలింది. సాయంత్రానికి సెల్ టవర్ల బ్యాటరీలు దిగిపోయాయి, జనం బ్యాటరీతో నడిచే రేడియోలు కొనుక్కున్నారు, కార్డులు పనిచెయ్యక నోట్ల కోసం వెతుక్కున్నారు. అది యూరప్. వాళ్ళు ఒక్క పగలు పడ్డది మనం 2014లో వారం పడ్డాం, అంతే తేడా.

హ్యాకింగ్ నిజం కాదా అంటే నిజమే. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు కరెంటు పంపిణీ కంపెనీల కంప్యూటర్లలోకి దూరి సుమారు 30 సబ్‌స్టేషన్లు ఆపేశారు. ఆపరేటర్ చూస్తుండగానే మౌస్ దానంతటదే కదిలి బ్రేకర్లు తెరుచుకుంటున్నాయి. 2 లక్షల పైన కనెక్షన్లకి చలికాలంలో కరెంటు లేదు, కంప్లయింట్ చెయ్యడానికి ఫోన్ చేస్తే తగలకుండా కాల్ సెంటర్‌ని దొంగ కాల్స్‌తో నింపేశారు. ఈ కథ దాదాపు అందరూ ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు, భయపెట్టడానికి ఇది చాలు కాబట్టి. నాకు నచ్చేది దీని తర్వాతది. ఆరుగంటల లోపే కరెంటు తిరిగొచ్చింది. ఎలాగా? వాళ్ళ సబ్‌స్టేషన్లలో చేత్తో వేసే స్విచ్చిలు ఇంకా ఉన్నాయి, వాటిని వెయ్యడం తెలిసిన మనుషులూ ఉన్నారు. బండ్లెక్కి వెళ్ళారు, వేశారు. ఆటోమేషన్ మొత్తం పూర్తి చేసేసి, "ఇక వీళ్ళతో పనేముంది" అని ఆ మనుషుల్ని తీసేసి ఉంటే, ఆ రాత్రి ఎంతసేపు చలిలో కూర్చునేవాళ్ళో. అలాగే 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీయే పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ మిషన్లు నీలం స్క్రీన్‌లోకి పోయాయి. తప్పు అప్‌డేట్‌ని గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు, అయినా అప్పటికే పడిపోయిన మిషన్లని ఒక్కోటీ మనిషి దగ్గర కూర్చుని లేపాల్సొచ్చింది, దూరం నుంచి కుదర్లేదు. మన ఎయిర్‌పోర్టుల్లో ఆ రోజు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు, జనం వాటిని నవ్వుకుంటూ ఫొటోలు తీసి పెట్టారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆ పెన్నూ ఆ కార్డుముక్కా ఉన్నాయి కాబట్టే విమానం ఎగిరింది.

కెనడాలో రోజర్స్ అనే పెద్ద నెట్‌వర్క్ 2022 జులై 8న ఒక అప్‌గ్రేడ్ చేస్తూ రౌటర్‌లో ఒక ఫిల్టర్ తీసేస్తే కోటి మందికి పైగా ఫోను, నెట్టు పోయి, దేశం మొత్తం డెబిట్ కార్డులు ఆగిపోయి, కొందరికి ఎమర్జెన్సీ నంబరు కూడా తగల్లేదు. బాగుచెయ్యాల్సిన ఇంజనీర్లు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోడానికి వాడేది కూడా అదే నెట్‌వర్క్. చూశారా, మళ్ళీ అదే మేకు.

ఇక సముద్రం. వేల కిలోమీటర్ల కేబుల్, లోతు నీళ్ళలో తోటకి నీళ్ళు పెట్టే గొట్టమంత లావు కూడా ఉండదు, ఖండాల మధ్య మన డేటా దాదాపు మొత్తం దీనిమీదే. ప్రపంచంలో ఏడాదికి 150 నుంచి 200 సార్లు దాకా కేబుళ్ళు తెగడమో పాడవడమో జరుగుతుంటుంది, ఎక్కువ భాగం చేపల వలలు, ఓడ లంగర్ల వల్లే, శత్రువు చేతి పని అని తేలేవి బహు తక్కువ. మన దేశానికి వచ్చే కేబుళ్ళలో చాలావరకు ముంబైలోనో చెన్నైలోనో గట్టెక్కుతాయి. ముంబై నుంచి యూరప్ వైపు వెళ్ళేవి పేరుకి రకరకాల కంపెనీలవి, దారి మాత్రం అదే ఎర్ర సముద్రం, అదే ఈజిప్టు. 2008 జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్ళు పోతే ఇండియా ఇంటర్నెట్ సగం దాకా దెబ్బతింది. 2024లో యెమెన్ దగ్గర దాడిలో దెబ్బతిన్న రూబీమార్ అనే ఓడ కొట్టుకుపోతూ లంగరు ఈడ్చి మూడు కేబుళ్ళు తెంపిందని చెప్తారు. 2025 సెప్టెంబర్‌లో జెద్దా దగ్గర మళ్ళీ. అంచేత వైజాగ్‌లో కేబుళ్ళు దిగితే దేశానికి మంచిదే, ముంబై చెన్నై కాకుండా నిజంగా వేరే గట్టు ఒకటి దొరుకుతుంది. దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటా.

కానీ దాన్ని కాపాడేది నేవీ ఒక్కటే కాదు, ఫిషింగ్ హార్బర్‌లో బోటు నడిపే సరంగు కూడా. కేబుల్ ఎక్కడ దిగుతుందో, ఏ గీత లోపల ట్రాలు వల వెయ్యకూడదో, లంగరు ఎక్కడ దించకూడదో అతనికి ముందే కూర్చోబెట్టి తెలుగులో చెప్పాలి, ఆ జాగాలో వేట పోతే దానికి పరిహారం ఏంటో కూడా చెప్పాలి. ఊరికే నోటీసు ఇంగ్లీషులో అంటించి పోతే, ఆనక వల తగిలితే అతను వల వదులుకోడు, వల ఖరీదు ఎంతో తెలుసా. ఈ విషయం మీద ఒక్క టీవీ డిబేట్ కూడా నేను చూళ్ళేదు, సబ్‌మెరైన్ల మీద మాత్రం చాలా చూశా.

పైగా కేబుల్ దిగినంత మాత్రాన కంచరపాలెంలో నా ఫోను బతికున్నట్టు కాదు. 2022 జనవరిలో టోంగాలో అగ్నిపర్వతం పేలి ఒక్కగానొక్క కేబుల్ తెగితే ఆ దేశం అయిదు వారాలు బయటి ప్రపంచంతో సరిగ్గా మాట్లాడలేకపోయింది, అది కేబుల్ సమస్య. మాది అది కాదు. మాది చివరి కిలోమీటరు సమస్య. డేటా సెంటర్ అన్నాక దానికి వరసగా జనరేటర్లుంటాయి, డీజిల్ నిల్వలుంటాయి, రెండు సబ్‌స్టేషన్ల నుంచి కరెంటుంటుంది, వాళ్ళ పనే అది, తప్పుపట్టను. తుఫాను రోజున ఆ గేటు లోపల లైట్లు వెలుగుతుంటాయి, గేటు బయట టవర్ చచ్చిపోయి ఉంటుంది. మధురవాడలో ఇప్పుడు లేస్తున్న పాతిక అంతస్తుల అపార్ట్‌మెంట్లు చూడండి, జనరేటర్ ఉందని బ్రోచర్‌లో ఉంటుంది, అడిగితే లిఫ్టుకీ కారిడార్ లైట్లకీ అంటారు. సంపులోంచి పైకి నీళ్ళెక్కించే మోటరుకి ఉందా అని అడిగినోడు నాకు అరుదుగా కనిపించాడు. ఇరవయ్యో అంతస్తులో నీళ్ళు లేకుండా మూడో రోజు ఎలా ఉంటుందో బ్రోచర్‌లో రాయరు.

"ఇవన్నీ ఖర్చు కదా, ఎవడు పెడతాడు" అంటారు. మీ ఇంట్లో గ్యాస్ సిలిండర్లు రెండెందుకున్నాయి? ఒకటి ఎప్పుడూ మూల కూర్చుని ఏ పనీ చెయ్యదు, దానిమీద పెట్టిన డబ్బు దండగ అని ఏ ఇల్లాలైనా అందా? కంపెనీల లెక్కలో మాత్రం మూల కూర్చున్న ప్రతిదీ దండగే, బ్యాటరీ అయినా, స్టోరులో స్పేర్ ట్రాన్స్‌ఫార్మర్ అయినా, మనిషి అయినా. లండన్ హీత్రూ ఎయిర్‌పోర్ట్ 2025 మార్చి 21న ఒక సబ్‌స్టేషన్ తగలబడితే రోజంతా మూసేశారు, ట్రాన్స్‌ఫార్మర్ బుషింగ్‌లో, అంటే కరెంటు లోపలికెళ్ళే చోట ఉండే ఇన్సులేటర్‌లో, తేమ ఉందని 2018లోనే టెస్టులో కనిపించిందట, ఎవరూ దాని సంగతి చూడలేదని ఎంక్వయిరీలో తేలింది. నాకు ఆ రిపోర్టు గురించి చదివినప్పుడు మా 24 సెల్స్ ఒకే వోల్టేజి రిపోర్టే గుర్తొచ్చింది.

ఇంకో చిక్కు ఏంటంటే, సప్లై బాగుపడేకొద్దీ బ్యాకప్ పాడైపోద్ది. నా కస్టమర్లనే చూస్తున్నా, కోతలున్న రోజుల్లో నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోయించుకునేవాళ్ళు, ఇప్పుడు ఏళ్ళ తరబడి మూత తియ్యరు, ఏ తుఫాను ముందురోజో ఫోన్ చేసి "అర్జంటుగా చూడండి, అయిదు నిమిషాలు కూడా ఆగట్లేదు" అంటారు. తెరిస్తే ప్లేట్లు ఎండిపోయి ఉంటాయి. టవర్ కంపెనీలూ అంతే, మునిసిపాలిటీ పంప్ హౌసులూ అంతే. వాడనిది ఉన్నట్టు కాదు, ఉందని రిజిస్టర్‌లో రాసినట్టు మాత్రమే. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారి భయంకరంగా మోగి టెస్ట్ అలర్ట్ వచ్చింది గుర్తుందా, చాలామంది తిట్టుకున్నారు, నాకు మాత్రం ఆ పద్ధతి నచ్చింది, ఎందుకంటే అది నిజంగా మోగించి చూడ్డం. కాకపోతే ఆ అలర్ట్ మోగాలన్నా టవర్ బతికుండాలి.

కాబట్టి నేనడిగేది డ్రిల్లు. కంప్యూటర్ ముందు కూర్చుని పవర్‌పాయింట్‌లో చేసే డ్రిల్లు కాదు. ఏ సెప్టెంబర్ ఆదివారమో, తుఫానుల సీజన్ ముదరకముందే, వారం ముందు అందరికీ చెప్పి, ఆస్పత్రులూ ఆక్సిజన్ పెట్టుకున్న పేషెంట్లూ ఉన్న లైన్లు వదిలేసి, ఒక్క వార్డుకి పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా కరెంటు ఆపెయ్యాలి. ఏ టవర్ ఎన్ని గంటలకి పడిపోయింది, ఏ డీజీ స్టార్ట్ అవ్వలేదు, పంప్ హౌస్ ఎంతసేపు తోసింది, ఎన్ని కొట్లు నోట్లు తీసుకున్నాయి, వార్డు సచివాలయంలో కరెంటు పనులు చూసే ఎనర్జీ అసిస్టెంట్‌కి ఫోను లేకుండా సబ్‌స్టేషన్‌కి కబురు ఎలా వెళ్ళింది, అంతా రాసి అదే సచివాలయం గోడకి అంటించాలి, కంపెనీల పేర్లతో సహా. తర్వాతి ఏడాది ఇంకో వార్డు. మా వార్డుతోనే మొదలుపెట్టండి, మా ఆవిడ ఒప్పుకోదు గానీ నాకు అభ్యంతరం లేదు, ఆదివారం కొట్టు ఎలాగూ సెలవే.